అరవై ఆరో రోజు

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లోవాళ్ళకీ, కాలేజీలోవాళ్ళకీ, రోజూ ఎక్కే ఆటో అతనికీ తెలిసిన సంగతే కాబట్టి దాచుకోవడం అనవసరం. అయితే ఇప్పుడు రాయబోయే తప్పు నేను కోపంలో చేసింది కాదు. నిదానంగా కూర్చుని, టీ తాగుతూ, మంచి పని చేస్తున్నానని మురిసిపోతూ చేశాను. కోపంలో చేసి ఉంటే ఏదో నోరు జారాను అని ఈపాటికి సర్దిచెప్పుకునేదాన్ని. దీనికి అలాంటి సాకు కూడా లేదు.

అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా అమ్మమ్మ వరి కోతలకి వెళ్ళిన మనిషి. మా అమ్మ మిషన్ బడిలో చదువుకుని టీచరమ్మ అయింది. అమ్మ పేపర్లు దిద్దే తీరు ఊళ్ళో పేరుపడింది. తొంభై తొమ్మిది వచ్చిన పిల్లకి ఒక్క మార్కు కలిపి వంద వెయ్యమని ఎవరు బతిమాలినా వేసేది కాదు. "నాకెవరూ కలపలేదు, నేనెవరికీ కలపను" అనేది. ఆ మాట నాకు చిన్నప్పుడే ఒంటికి పట్టేసింది. మా మీద జాలిపడి ఎవరో ఏదో విదిలిస్తే పైకొచ్చిన వాళ్ళం కాదు మేము, లెక్క ప్రకారం వచ్చాం అని నాకొక పొగరు.

మా కాలేజీలో హాజరు పట్టీ చూసేది గుమాస్తాగారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దమనిషి. సెమిస్టర్ చివర్లో రిజిస్టర్లు ముందేసుకుని పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ లెక్కపెట్టేవారు. పని దినాల్లో ముప్పాతిక వంతు హాజరు లేకపోతే పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరు. అది రూలు. రెండు మూడు రోజులు తగ్గిన వాణ్ణి పిలిచి, కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

"ఏరా, జొరమొచ్చిందా?"

"ఆయ్ అండీ."

"మరి చెప్పవేరా?"

అంతే, రెండు ఆబ్సెంట్లు ప్రెజెంట్లయిపోయేవి. నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే వాళ్ళ నాన్న స్కార్పియోలో వచ్చి ఆఫీసు గుమ్మంలో అరటిగెల దింపిన పిల్లలకి జ్వరాలు ఎక్కువొచ్చేవి. సైకిలు మీద వచ్చే పిల్లలకి రోగమన్నదే లేదు. ఒకరోజు స్టాఫ్ మీటింగులో లేచి అడిగేశాను, ఈ జ్వరాల సంగతేమిటని. ప్రిన్సిపాల్ గారు నవ్వి, "అయితే మీరే ఒక ప్రోగ్రాం రాసెయ్యండి మేడమ్, గొడవొదిలిపోద్ది" అన్నారు.

రాశాను. వారం పట్టింది. చాలా చిన్న ప్రోగ్రాం. రోజుకి ఐదు పీరియడ్లు కాబట్టి ఒక్కో పీరియడు రోజులో ఐదో వంతు, అంటే 0.2. ఐదూ విన్నవాళ్ళ ఖాతాలో ఆ రోజుకి 1 పడుతుంది. మొదటి పీరియడు పోగొట్టుకున్నవాళ్ళకి 0.8 పడుతుంది. రోజూ అలా కలుపుకుంటూ పోయి చివరికి మొత్తం తేలుస్తుంది. ఆ మొత్తం ఏ 71.4 అనో వస్తే, అందులో పూర్తి రోజులెన్నో తీసుకోవాలి. ఇక్కడ మూడు దారులున్నాయి. దగ్గరున్న అంకెకి జరపొచ్చు, పైకి జరపొచ్చు, కిందికి జరపొచ్చు.

"దగ్గర దానికి జరిపితే సరిపోద్ది కదండీ, అందరూ అలాగే చేస్తారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అలా చేస్తే అరవై అయిదు పాయింట్ ఆరు వచ్చినవాడికి అరవై ఆరు ఇచ్చినట్టండీ. పూట ఎగ్గొట్టినవాడికి పూట మనం దానమిచ్చినట్టు. ఎవరికైనా కిందికే. పూర్తయిన రోజే రోజు."

ఈ మాటలు అనేటప్పుడు నా గొంతులో మా అమ్మ పలికింది. అందరూ మెచ్చుకున్నారు. ప్రోగ్రాంలో ఆ పని చేసేది ఒకే ఒక్క లైను. పాయింటు తర్వాత ఏమున్నా కోసిపారేసి, ముందున్న అంకెని ఉంచుతుంది. దాని ముందు స్కార్పియో లేదు, సైకిలు లేదు, అరటిగెల లేదు. రాజోలు, కొత్తపేట వైపు కాలేజీలు రెండు మా ప్రోగ్రాం కావాలని అడిగి తీసుకెళ్ళాయి. నేను కాస్త మెడ ఎత్తి నడిచాను ఆ రోజుల్లో.

మా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, డిగ్రీ మూడో సంవత్సరం. గోదావరి పాయ మధ్యలో ఉన్న ఒక లంక ఊరు. వాళ్ళ నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీస్తాడు. పొద్దున్నే పనికెళ్ళే ముందు కూతుర్ని మోపెడ్ మీద రేవుకి తెచ్చి పడవెక్కిస్తాడు. పడవ నిండితేగానీ కదలదు. ఇవతల ఒడ్డుకొచ్చాక పి.గన్నవరం దాకా ఒక ఆటో, అక్కణ్ణుంచి ఇంకో బండి. అన్నీ కలిసొస్తే మొదటి పీరియడుకి అందుకునేది. ఒక్కటి తప్పినా రెండో పీరియడుకి వచ్చి గుమ్మంలో నిలబడేది. గోదావరి ఎర్రబడి ఉరవడి పెరిగితే పడవే ఆపేస్తారు కాబట్టి అప్పుడు అసలు రాదు. తెలివైన పిల్లే. కానీ మాట బహు పొదుపు. తెలిసిన జవాబు కూడా అడిగితేగానీ చెప్పదు.

ఆ సెమిస్టరులో పని దినాలు ఎనభై ఎనిమిది. ముప్పాతిక వంతు అరవై ఆరు. హాల్ టికెట్ రానివాళ్ళ జాబితా ప్రోగ్రాం నుంచి తీసి నోటీసు బోర్డుకి అంటించాం. పదకొండు పేర్లు. పదిమందివీ నలభైలూ యాభైలూ. వాళ్ళు బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు కూడా. పదకొండో పేరు ఈ అమ్మాయిది. అరవై అయిదు.

గుమాస్తాగారు నా టేబులు దగ్గరకొచ్చి నెమ్మదిగా అన్నారు. "ఒక్కరోజే కదండీ. లంకలోంచి వచ్చే పిల్ల. పోనీలెండి."

"మీ పోనీలెండి వల్లే కదండీ ఇదంతా రాయాల్సొచ్చింది" అన్నాను. పెద్దాయన మొహం చిన్నబోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి ల్యాబ్‌కి వచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం.

"మేడమ్, నా లెక్కలో అరవై ఆరు వచ్చిందండీ."

"ఏ లెక్క?"

"రోజూ రాసుకున్నానండీ. ఫుల్‌గా వచ్చినవి యాభై. మొదటి పీరియడు పోయినవి ఇరవై. రానివి పద్దెనిమిది, పడవ లేనప్పుడండీ. ఆ ఇరవైకీ..."

పూర్తి చెయ్యనివ్వలేదు నేను. ల్యాబ్‌లో ఇంకో పదిమంది పిల్లలున్నారు. వాళ్ళందరి ముందూ అడిగాను. "అయితే కంప్యూటర్ తప్పు చేసిందంటావు?"

తల దించుకుంది.

"చెప్పు. దానికి లెక్కలు రావా, నీకు రావా?"

"నాకే రాలేదేమోనండీ."

"అంతేనా?"

"ఆయ్ మేడమ్."

కాగితం మళ్ళీ మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ఆయ్ గురించి నేనొక మాట చెప్పాలి. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నామని కాదు. విన్నామని. మీరు పెద్దవాళ్ళు, మీతో వాదన ఎందుకని. నేనే మా ప్రిన్సిపాల్ గారితో రోజుకి పదిసార్లు ఆయ్ అంటాను, అందులో తొమ్మిది సార్లు కడుపులో వేరే మాట ఉంటుంది. ఈ సంగతి తెలిసీ, ఆ పిల్ల అన్న ఆయ్‌ని మాత్రం సంతకం పెట్టిన కాగితంలా తీసుకున్నాను. ఇరవై సార్లు 0.8 అంటే పదహారు. యాభై, పదహారు కలిపితే అరవై ఆరు. మూడో క్లాసు పిల్ల వేళ్ళ మీద చెప్పే లెక్క. నేను ఆ కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. ఆఫీసు గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా అమ్మాయేమో అరవై ఆరంటందండీ. తమరు అరవై అయిదంటన్నారు. కాలేజీ ఉండి పడవ తిరిగిన రోజల్లా నేనే పడవెక్కించేనండీ. మరి ఆ ఒక్కరోజు తేడా ఏంటండీ?"

"తేడా ఏముందండీ. ఆ రోజు రాలేదు."

"ఇంటికాడ బయల్దేరింది కదండీ."

"బయల్దేరడం మీరు చూశారు. వచ్చిందో లేదో మేము చూస్తాం."

"మరైతే ఎక్కడికెళ్ళినట్టండీ?" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

ఆ ప్రశ్న ఒక తండ్రి నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలియనంత పసిదాన్ని కాదు నేను. ఆడపిల్ల ఇంట్లోంచి బయల్దేరి కాలేజీకి చేరని రోజు అంటే, ఆ ఊళ్ళో, ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేనూ ఇక్కడి ఆడపిల్లనే. అయినా నా ప్రోగ్రాం మీద ఈగ వాలనివ్వని రోజులవి.

"అది మీ అమ్మాయినడగండి" అన్నాను.

"ఆయ్ అండీ" అన్నాడాయన. దండం పెట్టి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే సైకిల్ స్టాండు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. తండ్రి ఆమె వైపు చూడకుండా బండి స్టార్టు చేశాడు. ఆమె వెనక కూర్చుంది.

ఆ పరీక్ష రాయలేదు. తర్వాతి సెమిస్టరుకి రానే లేదు. చదువు మాన్పించేశారని స్టాఫ్ రూములో ఎవరో అన్నారు. "వీళ్ళకి మానడానికి ఏదో ఒక వంక" అన్నాను నేను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మరుసటి ఏడు మొదటి సంవత్సరం పిల్లలకి దశాంశాల పాఠం చెబుతున్నాను. ఏటా చెప్పే పాఠమే. మనకి మూడో వంతుని పాయింటు పెట్టి రాయమంటే 0.333 అని ఎంత దూరం రాసినా ఇంకా మిగిలే ఉంటుంది. కంప్యూటరుకి అన్నీ ఒకట్లు, సున్నాలే కాబట్టి దానికి పదో వంతుతో అదే తంటా. పూర్తిగా రాయలేదు. ఎక్కడో ఒక చోట ఆపేసి, దాదాపు అంతే ఉన్నదాన్ని దాచుకుంటుంది. చూపించడానికి 0.1ని పదిసార్లు కలిపించి తెరమీద వేశాను. ఒకటి రావాలి కదా, రాదు. 0.9999999999999999 వస్తుంది. ఏటా పిల్లలు ఇక్కడ ఓహో అంటారు, నేను గొప్పగా నవ్వుతాను, పాఠం అయిపోతుంది.

ఆ ఏడు ముందు బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, దాన్ని కిందికి జరిపితే ఎంతొస్తదండీ?"

"చూద్దాం" అని ఆ లైను కూడా రాసి నడిపాను. తెర మీద సున్నా పడింది.

"పదోవంతు పదిసార్లు కలిపితే సున్నా ఏంటండీ?" క్లాసంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. నాకు ఠక్కున తట్టింది. పూర్తిగా వచ్చిన రోజు 1. దానితో ఏ ఇబ్బందీ లేదు, ఒకటిని కంప్యూటరు నిక్కచ్చిగా దాచుకుంటుంది. ఎన్ని ఒకట్లు కలిపినా తేడా రాదు. 0.8 అలా కాదు, పదో వంతులాగే అదీ పూర్తిగా రాయలేనిది. అది ఇరవై సార్లు కలిస్తే ఎక్కడో పదిహేనో స్థానంలో ఒక రవ్వ అటో ఇటో అవుతుంది. ఆ రవ్వ ఇటైతే, అరవై ఆరు నిండాల్సినది నిండదు. ఆ పైన నేను కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాను, పాయింటు తర్వాతదంతా కోసెయ్యడానికి.

క్లాసు ఎలా ముగించానో గుర్తులేదు. భోజనాల వేళ ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని పోయినేటి ఫైలు తీశాను. ఆ అమ్మాయి పేరు పక్కన, కొయ్యకముందు మొత్తం ఎంతో చూశాను.

65.99999999999999.

ఛీ, నా బతుకు చెడ అనుకున్నాను, పైకే. ఆ పద్నాలుగు తొమ్మిదులూ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాను. కాలేజీ మొత్తంలో ఇంకెవరికైనా ఇలా అయిందేమోనని అందరివీ చూశాను. సరిగ్గా అరవై ఆరు గీత దగ్గర తప్పినది ఆమె ఒక్కతే. ఊళ్ళోవాళ్ళకి ఏ నష్టమూ లేదు, వాళ్ళవి చాలా వరకు నిండు రోజులు. ఆలస్యంగా పడవ దిగి, పరుగెత్తుకొచ్చి, నాలుగు పీరియడ్లు విన్నవాళ్ళకే నా ప్రోగ్రాం గొయ్యి తవ్వింది. గుమాస్తాగారు గెలలు తెచ్చినవాళ్ళ వైపు మొగ్గారని ఎగిరాను కదా. నా యంత్రం ఎవరి వైపు మొగ్గిందో చూడండి. పైగా ఇది నాకు తెలియని విషయమా అంటే, అదే పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నాను.

ఆ సాయంత్రమే సరిచేశాను. రోజులు వద్దు, వంతులు వద్దు, పీరియడ్లే లెక్కపెట్టు అన్నాను. ఎనభై ఎనిమిది రోజులకి నాలుగువందల నలభై పీరియడ్లు, అందులో మూడువందల ముప్పై కావాలి. పాయింటు అన్నదే లేదు. పది నిమిషాల పని. మొదటే అలా రాసి ఉండాల్సింది.

ఆ తర్వాత చేసింది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గు. ఎవరికీ చెప్పలేదు. మిగతా రెండు కాలేజీలకీ కొత్త ప్రోగ్రాం పంపి, "ఇది కొంచెం తొందరగా నడుస్తుందండీ" అని అబద్ధమాడాను. వాళ్ళ పిల్లల్లో ఎవరికైనా అన్యాయం జరిగిందేమో చూడమని అనలేదు. ఇవాళ్టికీ నాకు తెలియదు. నాలుగు నెలలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. రేవు వైపు నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్ల ఎవరైనా గుమ్మంలో నిలబడి "మే ఐ కమిన్" అంటే, నా చేతిలో సుద్దముక్క విరిగేది. చెబితే ఏమవుతుంది, గడిచిన ఏడు వెనక్కి వస్తుందా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అసలు భయం అది కాదు. గుమాస్తాగారి ముందు తలెత్తుకు తిరగలేనని.

చివరికి ఆయనే వచ్చారు. చేతిలో పెద్ద రిజిస్టరు. ఏడాదిగా రాని పిల్లల పేర్లు కొట్టేసి, ఒక్కో పేరు పక్కన ఆ డిపార్ట్‌మెంటు వాళ్ళు సంతకం పెట్టాలి. "ఇక్కడండీ" అని వేలు పెట్టి చూపించారు. ఆ పిల్ల పేరు. పెన్ను తీశాను. సంతకం పడలేదు.

"ఏమైందండీ?" అన్నారు.

చెప్పేశాను. ల్యాబ్‌లో నిలబడే, మొదటి నుంచి. ఏడుపొచ్చేసింది. ఆయన మధ్యలో ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అంతా విని రిజిస్టరు మూసి, "కంప్యూటర్లోది నాకు తెలీదండీ. పిల్ల అరవై ఆరు రోజులూ వచ్చిందంటారు, అంతే కదా" అన్నారు.

"అంతేనండీ."

"మరి నాతో చెప్తారేంటండీ? వాళ్ళింటికెళ్ళి చెప్పండి."

ప్రిన్సిపాల్ గారు మాత్రం నన్ను దులిపేశారు. దులపనీ, తగిన శాస్తి. కోపం చల్లారాక కాగితం రాసిచ్చారు. ఆ సెమిస్టరు హాజరు సరిపోయిందనీ, వచ్చే పరీక్షల్లో రాసుకోవచ్చనీ, మిగిలిన చదువు కొనసాగించవచ్చనీ. అది పట్టుకుని ఒక ఆదివారం బయల్దేరాను. చర్చికి కూడా వెళ్ళలేదు ఆ రోజు. ఇది చెప్పకుండా అక్కడ మోకరించడానికి మొహం చెల్లలేదు.

ఆ పిల్ల రోజూ వచ్చే దారి నేను మొదటిసారి వెళ్ళాను. గోదావరి తగ్గి ఇసుక తేలి ఉంది. పడవ నిండేదాకా ముప్పావుగంట గట్టు మీద నిలబడ్డాను. ఇద్దరు మనుషులు, ఒక మోటారుసైకిలు తక్కువయ్యాయని పడవ అతను ఆపాడు. నాకు చిరాకొచ్చి అతనితో "ఇంకెంతసేపయ్యా" అన్నాను. "రోజూ ఇంతేనండీ" అన్నాడతను. నోరు మూసుకున్నాను.

ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. వాకిట్లో వాళ్ళ నాన్న నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు వలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి గబగబా లేచి చేతులు తుడుచుకున్నాడు. "మేడమ్ గారా! రండి రండి, కూచోండి" అని లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. అంత మర్యాద నేను తట్టుకోలేకపోయాను. తిట్టి పొమ్మంటాడేమోనని దారి పొడుగునా సిద్ధపడి వచ్చినదాన్ని. బొండం కొట్టి చేతికిచ్చాడు. అరుగు మీద కుట్టు మిషను ముందు కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. చిక్కింది. "బాగున్నారా మేడమ్" అంది, ఏమీ జరగనట్టే.

బొండం పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. తొమ్మిదులూ, పాయింట్లూ చెప్పి ప్రయోజనం లేదని దారిలోనే నిశ్చయించుకున్నాను. "తప్పు నాదండీ. నేను రాసిన ప్రోగ్రాం తప్పు లెక్క వేసింది. మీ అమ్మాయి లెక్కే నిజం. అరవై ఆరు రోజులూ కాలేజీకి వచ్చింది. ఒక్కరోజు కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ రోజు మీతో అనకూడని మాట అన్నాను. నన్ను క్షమించండి" అని కాగితం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కాగితం తీసుకున్నాడు గానీ చూడలేదు. నా మీద జాలిపడుతున్నట్టు నవ్వాడు.

"తమరు పెద్ద మనసుతో ఇంతదూరమొచ్చి మా పిల్లని కాయడానికి చెప్తన్నారండీ. తమ తప్పేం లేదండీ. ఆ ఒక్కరోజు ఎక్కడికెళ్ళిందో తనే ఒప్పుకుందండీ."

నాకు అర్థం కాలేదు. "ఏమని?"

"రాజోలు సినిమాకెళ్ళిందంటండీ, ఎవరో ఫ్రెండుతో. ముందు నెల రోజులు ఎంతడిగినా లేదు లేదంది. తర్వాత చెప్పేసింది. ఏ రోజు, ఏ ఆట, అంతా."

నేను అమ్మాయి వైపు తిరిగాను. ఆమె మిషను మీదున్న గుడ్డని సర్దుతోంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"లేదంటే నమ్మలేదండీ. అమ్మ అన్నం తినడం మానేసింది. నాన్న నాతో మాట్లాడ్డం మానేసేరు. ఏదో ఒకటి చెప్తేగానీ ఒదిలేలా లేరు. అందుకని ఎళ్ళేనన్నానండీ."

"ఎళ్ళలేదా?" అన్నాడు తండ్రి.

ఆమె నాతోనే అంది. "ఏ రోజని అడిగితే, ఆలోచించి, గురువారం అన్నాను మేడమ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రోజు మీ ల్యాబే. ప్రాక్టికల్ రికార్డు మీద మీరే సంతకం పెట్టేరు. నాన్న కోపంతో కాలేజీకొచ్చి మిమ్మల్ని అడుగుతారనుకున్నాను. మీరు 'అదేంటండీ, ఆ రోజంతా నా దగ్గరే ఉంది' అంటారనుకున్నాను. చాలా రోజులు చూసేను."

నేను ఆయన వైపు చూశాను.

"మళ్ళీ ఏమడుగుతామండీ" అన్నాడాయన. "తమరు ముందే చెప్పేసేరు కదండీ."